ఆకుపచ్చ చుక్కలు

"సులభం" అని రాయమన్నారు మునిసిపాలిటీ వాళ్లు.
ఓ డబ్బాడు ఆకుపచ్చ రంగు,
వెంట్రుకలు రాలిపోయే కుంచె,
నూటపది రాళ్లు.
దారి తప్పడానికే వీల్లేని చోట
దారి చూపించే ఉద్యోగం నాది, ఈ జూన్ వరకు.

నార్వే ఉత్తర కొసన, మ్యాపులో మడత పడేచోట
మా స్కార్వాట్నె సరస్సు.
దానికీ సముద్రానికీ మధ్య
మెడంత నేల.
అటు ఉప్పు, ఇటు తీపి.
రాత్రి ఏ గాలి వీచిందో
పొద్దున్నే కిటికీ అద్దం నాకితే తెలిసిపోతుంది.

పడవ వారానికి రెండుసార్లు.
రొట్టె, డీజిలు, మందులు,
ఒక్కోసారి వీపుసంచులతో ఎవరో ఇద్దరు:
"కొండెక్కక్కర్లేని నడక ఏదైనా ఉందా?"
ఉంది. ఒక్కటే ఉంది.

మొదటి చుక్క చేపలెండేసే కొయ్య పందిరి దగ్గర.
తలల్లేని కాడ్ చేపలు తోకలు ముడేసుకుని
జంటలు జంటలుగా వేలాడుతుంటాయి, వేసవి తొంగిచూసేదాకా.
వచ్చినవాళ్లు ముక్కు మూసుకుంటారు.
మూసుకోనీ.
ఆ చేపల నాలుకలు కోసి సంపాదించిన డబ్బుతోనే
తొమ్మిదేళ్లప్పుడు నేను సైకిలు కొనుక్కున్నాను.

తర్వాత బురదనేల. అడుగేస్తే లోపల్నుంచి ఎవరో
గుటక వేసినట్టు చప్పుడు.
"ఇక్కడ చుక్కలు పెట్టకు," అంది హాల్దిస్ ముసలమ్మ,
"నా పసుపుపళ్ల జాగా ఊరంతటికీ తెలుస్తుంది."
మూడు రాళ్లు వదిలేశాను.
ఆగస్టులో ఓ సీసా జాము నా గుమ్మంలో ఉంటుంది.
మా ఇద్దరికీ ఏమీ తెలియదు.

నీళ్లు టీ డికాక్షన్ రంగు.
చెయ్యి ముంచితే వేళ్లు ఇత్తడివైపోతాయి.

సరస్సుకి అవతలి కొసన
వాగు దూకేచోట ఒంటిచెక్క వంతెన.

సాయంత్రం ఆరింటికి గుడ్‌మున్ ఎడమ నుంచి బయల్దేరతాడు.
ఆరింటికే బోర్గిల్ కుడి నుంచి.
అన్నాచెల్లెళ్లు. పడవకొట్టం ఎవరిదన్న మాట దగ్గర
మాట ఆగిపోయి పద్నాలుగేళ్లు.
చెక్క దగ్గర ఒకరు ఆగాలి, ఒకరు దాటాలి.
ఇవాళ ఆయన, రేపు ఆవిడ.
నాకు తెలిసి ఏనాడూ వంతు తప్పలేదు.
ఆగినవాళ్లు కొండకేసి చూస్తారు,
ఆ కొండేదో ఇవాళే దిగుమతైనట్టు.

"ఎందుకు అటు నుంచే?" అని అడిగాను ఆయన్ని.
"గాలి వెనకనుంచి తోస్తుంది."
ఆవిడనీ అడిగాను.
"గాలి వెనకనుంచి తోస్తుంది."

చలికాలం తలదీపాలు కట్టుకుంటారు.
మా వంటింటి కిటికీలోంచి చూస్తే
సరస్సు చుట్టూ రెండు మిణుగురులు.
ఒకటి ఆగుతుంది. ఒకటి దాటుతుంది.
అప్పుడు నేను బంగాళదుంపలు పొయ్యి మీంచి దించుతాను.

జనవరిలో ఓ రాత్రి ఒకటే దీపం.
చెక్క దాకా వచ్చి నిలబడింది.
దుంపలు మెత్తబడి, చితికి, అడుగంటాయి.
దీపం నిలబడే ఉంది.
ఆ రోజు ఆగాల్సిన వంతు ఆవిడది.

ఆ తర్వాత దాటింది.
దారి వదిలేసి, మంచులో అడ్డంపడి,
ఆ మోకాళ్లతో అంత జోరు ఎక్కడ దాచిందో,
గుడ్‌మున్ ఇంటికేసి.

చీలమండ విరిగి మెట్ల కింద పడున్నాడట ఆయన.
అంబులెన్సు పడవ వచ్చేదాకా
ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో
నర్సుని గుచ్చి గుచ్చి అడిగాం.
"ఆవిడ పొయ్యి రాజేసింది," అంది నర్సు, "అంతే."

మే నెలలో ఆయన మళ్లీ నడిచాడు, ఎడమ నుంచే, చేతికర్రతో.
వంతెన మీద మొదటి చెక్క పక్కన
రెండో చెక్క పడింది.
పాత పడవ పక్కటెముక అది, తారు వాసన ఇంకా పోలేదు.
ఎవరు కొట్టారని ఎవరూ అడగలేదు.
ఇప్పుడు ఎవరూ ఆగక్కర్లేదు.
అయినా ఆగుతున్నారు,
చెరో ఒడ్డునా,
ఇద్దరూ ఒకేసారి.

నా పని పూర్తయింది. బోర్డు మీద రాశాను:
రెండు గంటలు. సులభం.
వాన జల్లుకి రెండో మాట కాస్త కారింది.

వంతెన దగ్గర మాత్రం చుక్క పెట్టలేదు.
కుంచె పట్టుకుని చాలాసేపు కూచున్నాను,
రెండు చెక్కల్లో దేనిమీద పెట్టాలో తేలక.